పెళ్లికార్డు మీద పాఠం

నా కళ్లు పోలేదు. చంపారు. "పోయాయి" అనే మాట నేను రాయను, ఎవరైనా అంటే ఊరుకోను. తప్పిపోవడానికి అవేమైనా మేకపిల్లలా?

నాలుగేళ్ల వయసులో నాకు తట్టు పోసింది. కళ్లు వాచి, పుసులు కట్టి, రెప్పలు అంటుకుపోయాయి. లింగాల దగ్గరి మా ఊరి నుంచి పులివెందులకు బస్సు ఉంది, అక్కడ ఆసుపత్రి ఉంది. కానీ తట్టు అంటే అమ్మవారట. అమ్మవారు ఒంటి మీద ఉండగా సూదిమందు వేయిస్తే ఆమెకు కోపం వస్తుందట. అందుకని నన్ను వేముల వైపు ఒక పల్లెలో కంటికి పసరు పోసే మనిషి దగ్గరకు తీసుకుపోయారు. మా నాయన నా కాళ్లు పట్టుకున్నాడు. మా చిన్నాయన తల పట్టుకున్నాడు. ఆ మనిషి బొటనవేలితో నా రెప్ప విప్పి, ఏదో ఆకు, మిరియాలు, ఉప్పు కలిపి నూరిన పసరును గుడ్డలోంచి పిండాడు. నేను ఆ వేలిని కొరికాను. అతను నా చెంప పగలగొట్టి రెండో కంట్లోనూ పిండాడు. నా అరుపు విని మా నాయన అన్న మాటను మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

"మందు పట్టినట్టుంది."

పట్టింది. కుడికన్నును పూర్తిగా తినేసింది. ఎడమకంట్లో పగలుకూ రాత్రికీ తేడా తెలిసేంత వెలుగును దయతలచి వదిలేసింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా, "పాపం, ఆ కాలం వాళ్లకు తెలియదు కదమ్మా" అని సర్దిచెప్పేవాళ్లు దొరుకుతారు. ఏ కాలం? మా చిన్నాయన జేబులో సెల్‌ఫోను ఉండింది. అందులో ఆ పసరు మనిషి నంబరు ఉండింది. అజ్ఞానానికి ఫోను అందింది, విజ్ఞానానికే బస్సు దొరకలేదు.

బడిలోనూ దెబ్బలే. బోర్డు మీద చూసి రాసుకోమంటే ఊరికే కూర్చున్నానని ఒక అయ్యవారు స్కేలును నిలువుగా పట్టుకుని నా వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. పక్కనున్న పిల్ల "దానికి కండ్లు కనపడవు సార్" అంటే ఆ పిల్లకూ రెండు. నన్ను వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి దాకా నేను చదివింది ఆ గోడనే.

అప్పుడు వచ్చింది మేడం. చూపులేని పిల్లలకు చదువు చెప్పడంలో శిక్షణ పొందిన టీచరు. పులివెందుల నుంచి గురువారం గురువారం బస్సులో మా బడికి వచ్చేది. మొదటిరోజు నా చేతిలో ఒక బ్రెయిలీ పలక పెట్టింది. రెండు రేకుల మధ్య దళసరి కాగితం బిగించి, పైరేకుకున్న చిన్న చిన్న కిటికీల్లో స్టైలస్ అనే మొద్దు మొన సూదితో గుచ్చాలి. కాగితం అవతలి వైపు చుక్కలు లేస్తాయి. ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల్లో కొన్ని. గుచ్చేది కుడి నుంచి ఎడమకు, వెనక్కి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి సరిగ్గా వస్తుంది. కుడి చూపుడువేలు చదువుతుంది, ఎడమవేలు వరుస తప్పకుండా కాపలా కాస్తుంది. ఆ పలక, స్టైలస్, మడతపెట్టే చేతికర్ర, మొదటి కట్ట కాగితాలు అన్నీ ఉచితమే. ఇలాంటివి ఉన్నాయని, పేరు రాయిస్తే వస్తాయని మాకు అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. ఊళ్లో పసరు మనిషి చిరునామా మాత్రం అందరికీ తెలుసు.

మేడం అక్షరాలతో ఆగలేదు. నాతో పోట్లాడేది.

"నేను పసరు మంచిదంటా. నువ్వు కాదని నిరూపించు."

"నా కండ్లే సాక్ష్యం మేడం."

"అది ఏడుపు, వాదన కాదు. పసరు పోసినోళ్లలో పదిమందికి బాగైందంట. ఏం చెప్తావు?"

"ఆ పదిమందికీ పోయకున్నా బాగయ్యేదేమో?"

"హా! ఇప్పుడు దారికొచ్చినావు. ఏయ్, కూర్చోని వాదిస్తాండావేంది? వాదించేటప్పుడు నిలబడల్ల."

పదో తరగతికి వచ్చేసరికి నేను నిలబడటం నేర్చుకున్నాను. పాసైతే చూపులేని ఆడపిల్లలకు హాస్టలుతో పాటు చదువు చెప్పే కాలేజీలో సీటు ఇప్పిస్తానని మేడం మాటిచ్చింది. పరీక్షలో నేను చెప్పింది రాసిపెట్టడానికి ఒక మనిషిని ఇస్తారు, అదనపు సమయం ఇస్తారు. కానీ చదివిపెట్టే వేలిని ఎవరూ ఇవ్వరు. పాఠాలన్నీ నేనే గుచ్చుకుని, నేనే తడిమి, తలలోకి ఎక్కించుకోవాలి.

అప్పుడే కాగితం అయిపోయింది. మామూలు నోటుపుస్తకం కాగితం మీద చుక్క నిలవదు, రెండుసార్లు తడిమితే అణిగిపోతుంది. ఆ తర్వాత స్టైలస్ మొన కూడా పిడిలోంచి ఊడి ఎక్కడో పడిపోయింది. మాది చిల్లర అంగడి. గోనెసంచులు కుట్టే డబ్బనం ఉంది. దాని మొనను సానరాయి మీద అరగదీసి మొద్దు చేసుకున్నాను. కాగితానికి బదులు పెళ్లికార్డులు. అంగడి మనిషికి ఊరంతా కార్డు ఇస్తుంది. నాయన వాటిని ఒక అట్టపెట్టెలో వేసి పొట్లాలు కట్టడానికి వాడేవాడు. తీసుకోమ్మా, ఎట్లాగూ పారేసేటివే అన్నాడు.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో చూపులేని పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పలకలు వచ్చాయి, మాట్లాడే ఫోన్లు వచ్చాయి. అయినా ఫోను చదివిపెడితే విన్నపిల్లకు 'రుణం'లో ఉన్నది 'న'నో 'ణ'నో తెలియదు, వేలితో చదివిన పిల్లకు తెలుస్తుంది. దళసరి కాగితం ఇప్పటికీ కరువే. అందుకని పెళ్లిళ్ల కాలం ముగిసిన తర్వాత బట్టల అంగళ్లకూ నగల అంగళ్లకూ పోయి పాత కార్డులు అడుగుతాను. మొన్న ఒక నగల అంగడాయన, "పసుపు పూసిన కార్డుల మీద సూదులు గుచ్చుతారా తల్లీ? అశుభం కదా" అన్నాడు. నా కుడిచేతిని అద్దాల బల్ల మీద పెట్టాను. వంకరపోయిన ఆ చూపుడువేలు చూసి, ఎట్లయిందని అడిగాడు. అశుభం అనే మాట చేసిందన్నాను.

ఎట్లా చేసిందో చెబుతాను.

మా అంగడికి ఎదురింట్లో ఉండే ఆయనను నేను మామా అనేదాన్ని, ఆయన భార్యను అత్తా అనేదాన్ని. వాళ్ల కొడుకు పెళ్లికార్డు అంత మందమైన కార్డు నా చేతికి అంతకుముందు రాలేదు. మూలలకు పసుపు గరగరలాడుతోంది, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. దాన్ని దాచుకుని దాచుకుని, జీవశాస్త్రంలో అన్నిటికన్నా కష్టమైన పాఠం దాని మీద గుచ్చుకున్నాను. గుండె, రక్త ప్రసరణ. డబ్బనం కదా, కొన్నిచోట్ల చుక్కకు బదులు చిల్లే పడింది.

ఆ కార్డు కనపడకుండా పోయింది. నాయనకు నా చుక్కలు అక్షరాలు కావు, కార్డు పాడైన గుర్తు. పొట్లాల పెట్టెలో పడేసి ఉంటాడు. ఎదురింటివాళ్లు పూజకు పసుపు కుంకుమ అడిగితే అదే కార్డును మడిచి పొట్లం కట్టిచ్చాడు. మర్నాడు ఆ ఇంటి కొత్తకోడలికి, నాలుగో నెల కడుపుతో ఉన్న మనిషికి, రక్తం పోయి గర్భం నిలవలేదు. పొట్లం విప్పి చూస్తే కొడుకు పేరు మీద, కోడలి పేరు మీద డబ్బనం పోట్లు. లోపల పసుపు, కుంకుమ.

ఆ సాయంత్రం నాయన సరుకులకు పులివెందుల పోయాడు. అంగట్లో నేనూ అమ్మే ఉన్నాం. వీధిలో చెప్పుల చప్పుడు గుంపుగా వచ్చి మా గడప దగ్గర ఆగింది.

"మ్మేయ్, బయటికి రా!" అత్త గొంతు. "నా కోడలి కడుపు తీసినాది మీ గుడ్డిది!"

"ఏంది వదినా ఆ మాట?" అంది అమ్మ. "పసిపిల్ల యాడ, నీ కోడలు యాడ?"

"పసిపిల్లంట! మరి ఇదేంది?"

ఏదో వచ్చి నా ముఖానికి తగిలి ఒళ్లో పడింది. తడిమాను. నా కార్డు. మూడురోజులుగా వెతుకుతున్న నా పాఠం. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోలేదు.

"ఇది నాదే అత్తా! యాడ దొరికింది?"

"విన్నారా! దానిదేనంట! నోటితోనే ఒప్పుకుంది!"

లోపలికి తోసుకొచ్చారు. మామ, ఆయన అన్న కొడుకులు, ఇంకా ఎవరెవరో. బీడీ, చెమట, సారాయి వాసన. ఒకడు నా జడ పట్టుకుని లేపాడు.

"ఏం రాసినావు దీంట్లో? చదువు," అన్నాడు మామ.

నేను నిలబడ్డాను. వాదించేటప్పుడు నిలబడాలి. నిజం చదివి వినిపిస్తే చాలు, సిగ్గుపడి పోతారనుకున్నాను. వేలు పెట్టి చదివాను.

"కుడి జఠరిక నుంచి పుపుస ధమని బయలుదేరుతుంది. అది చెడు రక్తాన్ని..."

"రక్తం! రక్తం అంటాంది!" అత్త రొమ్ము బాదుకుంది.

"పాఠం అత్తా, గుండె పాఠం..."

"గుండె కూడా అంట! నా కొడుకు గుండె మీద కూడా పెట్టింది మ్మేయ్!"

"అది యెనక్కి రాస్తాదప్పా, నేను జూసినా," అన్నాడు ఎవడో వెనకనుంచి. "కుడి పక్క నుంచి ఎడం పక్కకు. మంత్రగాళ్లు తప్ప మనిషైనోడు ఎవుడు రాస్తాడట్ల?"

"నోరు మూయండి దానికి! మొత్తం చదివితే మంత్రం పారుతాది!"

గోనెపట్టా ముక్క నా నోట్లో కుక్కారు. ఎవడో నా కడుపులో తన్నాడు. అమ్మ మీద పడి కొడుతున్న చప్పుడు, గాజులు చిట్లుతున్న చప్పుడు వినపడుతోంది. పండ్లు పీకండి అని ఒకరన్నారు. చేతబడి చేసినవాళ్లకు పళ్లు పీకడం మామూలు.

"పండ్లు గాదు," అంది అత్త. "యేళ్లు ఇరగ్గొట్టండి. యేళ్లతోనే గదా గుచ్చేది."

అంతవరకూ నాకు భయం వేయలేదు. కొడతారు, తిడతారు, అది నాకు కొత్త కాదు. వేళ్లు అనగానే రెండు పిడికిళ్లూ చంకల్లో దాచుకున్నాను. వాళ్లు ఒక ఆడపిల్ల చెయ్యి విరిచేస్తున్నామనుకుంటున్నారు. నాకు మిగిలిన కళ్లు పీకేస్తున్నారు. గింజుకున్నాను, గోళ్లతో రక్కాను. నా కుడిచేతిని గల్లాపెట్టె పక్కనున్న బండ మీద పరిచి, మణికట్టు మీద మోకాలు వేసి తొక్కిపట్టారు. తూకం ఇనుపరాయి లేపిన చప్పుడు నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు. తక్కెడలో పడాల్సింది నా వేళ్ల మీద పడింది. చెనిక్కాయ పగిలినట్టు చిన్న చప్పుడు. నొప్పి ఆ తర్వాత వచ్చింది.

"ఇంకొకటి ఎయ్. రెండో చెయ్యి కూడా!"

రెండోసారి రాయి లేవలేదు. అమ్మ కారంపొడి డబ్బా మూత తీసింది. గంపెడు మిరపకాయలు దంచి నింపిన డబ్బా. దోసిళ్లతో చల్లింది, తర్వాత డబ్బాతోనే విసిరింది. తలుపు మూసినట్టున్న ఆ ఇరుకు అంగట్లో ఒక్కసారిగా గాలి అంటుకుంది.

"కండ్లు! కండ్లు! అమ్మా, నా కండ్లు!"

నాలుగేళ్ల వయసులో నేను అరిచిన మాటే. మగగొంతులు, ఆడగొంతులు, ఒకరినొకరు గుద్దుకుంటూ, సంచుల మీద పడుతూ అరుస్తున్నారు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు రాస్తున్నా కలగడం లేదు. పసరు పోసినప్పుడు మా నాయన అన్న మాట ఒక్కటే నా గొంతు దాకా వచ్చింది. మందు పట్టినట్టుంది.

అమ్మ కళ్లల్లోనూ కారం పడింది. గోడలు తడుముకుంటూ దగ్గుతోంది. నా ముఖం మీద కూడా మంట, కానీ నాకు దారికి కళ్లతో పనిలేదు కదా. నోట్లోని గోనె పీకేసి, ఎడమచేత్తో అమ్మ రెక్క పట్టుకున్నాను. బియ్యం మూటల వరుస, తర్వాత పశువులకు పెట్టే చెక్కపిండి వాసన, ఆ తర్వాత కాలికింద కరకరలాడే ఉప్పు. ఉప్పుమూట దాటితే వెనక తలుపు.

"నా యెనకాలే రామ్మా. ఒంగు, దూలం తగుల్తాది."

కళ్లున్నవాళ్లందరూ గుడ్డివాళ్లయిన ఆ గదిలోంచి గుడ్డిదాన్ని నేను మా అమ్మను బయటికి తెచ్చాను. బత్తాయి చెట్ల చీనీతోట వెంబడి పోయి రోడ్డెక్కితే ఒక ఆటో దొరికింది.

పులివెందులలో వేళ్లకు కట్టు కట్టించుకున్నాం గానీ అక్కడ ఎదురింటివాళ్ల బంధువులు ఎక్కువ. అందుకని అమ్మ పుట్టిన ఊరు జమ్మలమడుగుకు బస్సెక్కాం. అక్కడ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నడిమివేలు ఎముక అతుక్కుంటుంది, చూపుడువేలు కొనలో మాత్రం స్పర్శ రాదు అన్నాడు డాక్టరు. ప్రాణం పోలేదు, సంతోషించమన్నాడు. ఆయన మంచివాడే. నేను చదివేది ఆ వేలితోనని ఆయనకు తెలియదు.

రెండోరోజు ఊరి పెద్దమనుషులు వార్డులోకి వచ్చారు. మామ వచ్చాడు, కోడలిని వెంటబెట్టుకుని. వాళ్లతో మా నాయన కూడా వచ్చాడు. నా మంచం పక్కన కాదు, వాళ్ల పక్కన నిలబడ్డాడు. గొంతు వినపడిన చోటును బట్టి నాకు తెలిసింది.

"పాపా, కేసులు గీసులు మనకెందుకు?" అన్నాడు పెద్దమనిషి. "ఈ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, తీసేసినా అను. అంతే. పోతాం."

"ఏం తీయల్ల పెద్దనాయనా?"

"పెట్టింది."

"నేనేం పెట్టలేదు కదా."

"పెట్టలేదులేమ్మా. ఊరికే తీసేసినా అను."

"నాటని చీనీచెట్టుకు కాయలెట్ల కోస్తారు?"

పక్క మంచం మీద ముసలామె ఎవరో కిసుక్కుమంది. నాయన చెయ్యి నా చెంప మీద పేలింది.

"ఊళ్లో అంగడి పెట్టుకోని బతకాల్నా వద్దా? ఒక్క మాట! నోట్లోంచి ఊడిపడేదేముందే నీకు?"

ఊడిపడేది ఉంది. తీసేశాను అంటే పెట్టానని అర్థం. రాయితో కొట్టినవాళ్లు న్యాయం చేసినట్టు అర్థం. ఆ ఒక్క మాటతో నా చుక్కలు మంత్రాలవుతాయి, నా తర్వాత ఆ మండలంలో పలక పట్టుకున్న ప్రతి పిల్లా మంత్రగత్తె అవుతుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా చెంప మండుతోంది, చెయ్యి మండుతోంది, అమ్మ ఒక మూల ఏడుస్తోంది. అనేద్దామా అని నోరు తెరిచాను.

కోడలిని నా మంచం మీదికి వంచారు. ఆమె తల నా ఎడమచేతికి తగిలింది. నుదురు చల్లగా, చెమటగా ఉంది. నా చెవిలో ఊపిరి మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"పాపా, అనాకు. నాకు రక్తం తక్కువని నర్సమ్మ ముందే చెప్పింది. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాదని మా అత్త పారబోసింది. నువ్వు తీసేసినా అంటే బాగైపోయిందంటారు. ఈడినుంచి ఇంటికే తీసకపోతారు."

నేను లేచి మంచం మీదే నిలబడ్డాను.

"పెట్టలేదు, తీయను! ఈ అక్కకు రక్తం తక్కువ. డాక్టరుకు చూపించండి!"

"ఒసే..." అని మామ మీదికి వచ్చాడు. ఆ కేకకు నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏందప్పా ఇది, ఆసుపత్రా సంతా? ఎవురికి రక్తం తక్కువ? ఇట్ల రామ్మా." ఆమెను కిటికీ వైపు నడిపించిన అడుగుల చప్పుడు. "రెప్ప కింద సున్నం గోడ మాదిరి తెల్లగుంది! ఈమె తాలూకు ఎవురు? ఓ పెద్దాయనా, యాడికి జారుకుంటాండావు? నిలబడు!"

మామ నిలబడ్డాడు. పెద్దమనుషులు నిలబడలేదు.

కేసు మా మేనమామ పెట్టాడు, మా నాయన రాజీ పడ్డాడు. రాయి ఎత్తినవాడికి ఏ శిక్షా పడలేదు. మా అంగడి ఆ ఊళ్లో మళ్లీ తెరుచుకోలేదు. ప్రొద్దుటూరుకు వచ్చి చిన్న కొట్టు పెట్టుకున్న తర్వాత కూడా, ఒక్క మాట అనుంటే పోయేది కదా అని నాయన ఇప్పటికీ అంటాడు. నేను ఇప్పటికీ వాదిస్తాను. నిలబడే.

నేనింకా ఆసుపత్రిలో ఉండగానే, ఆ గురువారం మేడం జమ్మలమడుగు వచ్చింది. కట్టు చూసి చాలాసేపు ముక్కు చీదింది. తర్వాత సంచిలోంచి దళసరి కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. అదే పాఠం, తన చేత్తో గుచ్చుకొచ్చింది.

"కుడిది పోతే పోనీ. ఎడమది పెట్టు."

ఎడమవేలు కాపలా కాసిన వేలే గానీ ఎన్నడూ చదివిన వేలు కాదు. చుక్కలు దాని కింద ఇసుకలాగా జారిపోయాయి. ఒక అక్షరం దొరికి రెండోది తప్పిపోయింది. కోపంతో కాగితాన్ని గుద్దాను. మేడం కాగితాన్ని సర్దింది. నా వేలిని పట్టుకుని మళ్లీ వరుస మొదట పెట్టింది. మళ్లీ. మళ్లీ.

"కు... డి... జ... ఠ... రి... క..."

అప్పటికే పక్క మంచం ఖాళీ అయి అందులో కోడలిని చేర్చారు. ఆమె చేతికి రక్తం ఎక్కుతోంది. ఆమె ఇటు తిరిగిన చప్పుడైంది.

"ఏం పాపా, ఇదేనా ఆ మంత్రం?"

"ఇదే అక్కా."

"శానా నిదానంగా పారతాండాదే," అంది. "కానీయ్, చదువు. రక్తం యాడికి పోతాదంట?"

ఎడమవేలిని తర్వాతి చుక్క మీదికి నెట్టాను.